అనీబిసెంట్: విడిపోయాక కొడుకు తండ్రికి, కూతురు తల్లికి.. ఆ తర్వాత ఏం జరిగింది?

హోంరూల్ ఉద్యమంతో అనీబిసెంట్ పేరు మనందరికీ తెలుసు. కానీ కన్న కూతురి కోసం ఆమె కోర్టులో పోరాడి ఓడిపోయారని తెలుసా?

1847లో లండన్‌లో పుట్టిన అనీ, 20 ఏళ్లకే చర్చి పాస్టర్ ఫ్రాంక్ బిసెంట్‌ను పెళ్లి చేసుకున్నారు. మతంపై ఆమెకు నమ్మకం పోయింది. కాపురం నిలవలేదు. 1873లో ఇద్దరూ విడిపోయారు. కొడుకు డిగ్బీ తండ్రి దగ్గర, కూతురు మేబెల్ తల్లి దగ్గర ఉండేలా ఒప్పందం చేసుకున్నారు.

1877లో కుటుంబ నియంత్రణ పుస్తకం అచ్చు వేసినందుకు అనీపై కేసు పడింది. దాన్నే చూపించి, కూతురిని తనకు అప్పగించాలని భర్త కోర్టుకెక్కాడు. దేవుణ్ని నమ్మని తల్లి, పైగా అలాంటి పుస్తకం వేసిన మనిషి.. తీర్పు దీని చుట్టూనే తిరిగింది. 1878లో ఏడేళ్ల మేబెల్ తల్లికి దూరమైంది.

విచిత్రం ఏంటంటే, ఇండియాలో ఆమె అవతలి పక్షాన నిలబడాల్సి వచ్చింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందను పెంచే బాధ్యతను తండ్రి నారాయణయ్య 1910లో ఆమెకు రాసిచ్చారు. తర్వాత పిల్లల్ని తిరిగి ఇవ్వాలంటూ కేసు వేశారు. 1913లో మద్రాసు హైకోర్టులో తండ్రే గెలిచారు. 1914లో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. ఇంగ్లండ్‌లో ఉన్న పిల్లల ఇష్టం తెలుసుకోకుండా తేల్చడం కుదరదంది.

మరి మేబెల్? పెద్దయ్యాక ఆమె, డిగ్బీ ఇద్దరూ తల్లికి మళ్లీ దగ్గరయ్యారు. ఈసారి ఏ కోర్టూ చెప్పలేదు. 1933లో అడయార్‌లో అనీబిసెంట్ కన్నుమూశారు.