వెలుగును మలచిన శిల్పి – లూయీ కాన్

ఇల్లు కట్టదలచినవారు ముందుగా గోడల గురించి, కప్పు గురించి ఆలోచిస్తారు. గదిలోకి వెలుగు ఏ దిక్కు నుంచి రావాలి, ఎంత రావాలి అని ఆలోచించేవారు తక్కువ. కిటికీ పెద్దదైతే చాలునని అనుకుంటారు. కాని ఎండ సూటిగా పుస్తకం మీద పడితే కళ్లు చెదురుతాయి. నల్లబల్ల మీద పడితే అక్షరాలు కనిపించవు. వెలుగు లేకపోవడం ఎంత ఇబ్బందో, అదుపులేని వెలుగు కూడా అంతే ఇబ్బంది. ఈ సత్యాన్ని గ్రహించి, ఇటుక, రాయి, కాంక్రీటులతో పాటు వెలుగును కూడా ఒక నిర్మాణ సామగ్రిగా భావించిన మహాశిల్పి లూయీ కాన్.

అప్పటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఎస్టోనియాలో, 1901 ఫిబ్రవరి 20న, ఒక పేద యూదు కుటుంబంలో లూయీ జన్మించాడు. మూడేళ్ల వయస్సులో పొయ్యిలోని నిప్పుల కాంతి ఆ బాలుణ్ణి ఆకర్షించింది. మెరుస్తున్న నిప్పులను ఒడిలోకి తీసుకున్నాడు. బట్టలు అంటుకుని ముఖం, చేతులు కాలిపోయాయి. ఆ మచ్చలు జీవితాంతం మిగిలిపోయాయి. అయినా తన బిడ్డ గొప్పవాడవుతాడని తల్లి బెర్తా గట్టిగా నమ్మింది.

1906లో ఆ కుటుంబం అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి వలస వెళ్లింది. అక్కడా పేదరికం వారిని వదలలేదు. లూయీకి బొమ్మలు గీయడంలోను, సంగీతంలోను మంచి నేర్పు ఉండేది. మూకీ చిత్రాలు ఆడే సినిమా హాళ్లలో పియానో వాయించి డబ్బు సంపాదించి ఇంటికి సాయపడేవాడు. చిత్రకారుడు కావాలన్నది అతని మొదటి కోరిక. ఉన్నత పాఠశాలలో చివరి సంవత్సరం వాస్తుకళా చరిత్రను బోధించారు. ఆ పాఠాలు అతని మనస్సును పూర్తిగా మార్చివేశాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరి 1924లో వాస్తుశాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు.

చదువు పూర్తయినా కాన్‌కు వెంటనే పేరు రాలేదు. 1930 తరువాత అమెరికాలో ఆర్థిక మాంద్యం వల్ల కట్టడాల పనులు ఆగిపోయాయి. చాలాకాలం ఆయనకు తగిన పని దొరకలేదు. యాభయ్యో ఏట రోమ్‌లోని అమెరికన్ అకాడమీలో కొన్ని నెలలు ఉండే అవకాశం లభించింది. ఆ సమయంలోనే ఇటలీ, గ్రీసు, ఈజిప్టు దేశాల్లోని ప్రాచీన నిర్మాణాలను చూశారు. రోమ్‌లోని పాంథియన్ మందిరానికి కిటికీలు లేవు. గుమ్మటం నడినెత్తిన ఉన్న గుండ్రని రంధ్రం గుండా ఎండ లోపలికి దిగుతుంది. పొద్దు కదిలినకొద్దీ ఆ వెలుగు గోడల మీద కదులుతూ ఉంటుంది. ఒకే గది వేళకొక తీరుగా కనిపిస్తుంది. విద్యుద్దీపం ఎప్పుడూ ఒకేలా వెలుగుతుంది. సూర్యకాంతి మాత్రం ఋతువును బట్టి, వేళను బట్టి మారుతుంది. కాబట్టి గదికి ప్రాణం పోసేది సూర్యకాంతేనని కాన్ విశ్వసించారు.

అయితే వెలుగును అదుపు చేయడం ఆయనకు ఒక్కసారిగా పట్టుబడలేదు. తాను చదివిన విశ్వవిద్యాలయంలోనే రిచర్డ్స్ వైద్య పరిశోధనాలయాన్ని నిర్మించారు. ఎత్తయిన గోపురాలతో 1960లో వెలసిన ఆ కట్టడం ఆయనకు గొప్ప కీర్తి తెచ్చింది. కాని అందులో పనిచేసే శాస్త్రజ్ఞులు అవస్థపడ్డారు. పెద్ద గాజు కిటికీల గుండా ఎండ లోపలికి దూసుకువచ్చి కళ్లలో పడేది. చివరకు వారు కిటికీ అద్దాలకు కాగితాలు, అల్యూమినియం రేకులు అంటించుకున్నారు. ప్రపంచం మెచ్చిన భవనం లోపలివారికి సుఖం ఇవ్వలేకపోయింది.

ఆ రోజుల్లోనే కాన్ ఆఫ్రికాలోని అంగోలాకు వెళ్లారు. అక్కడి లువాండా నగరంలో అమెరికా కార్యాలయ భవనానికి నమూనా తయారుచేయవలసి ఉంది. ఎండ తీవ్రంగా ఉన్న ఆ నగరంలో ఆయన ఒక విషయం గమనించారు. కిటికీలో నుంచి ఆకాశం సూటిగా కనిపిస్తే, దాని చుట్టూ ఉన్న గోడ చీకటిగా తోచి కళ్లు నొప్పిపుడతాయి. అదే కిటికీకి ఎదురుగా మరొక గోడ ఉంటే, ఎండ దాని మీద పడి, చల్లబడి లోపలికి వస్తుంది. కిటికీకి కొంత దూరంలో, పెద్ద రంధ్రాలున్న మరొక గోడను నిలపాలన్న ఆలోచన ఆయనకు అలా కలిగింది. లువాండా భవనం కాగితం మీదనే ఆగిపోయినా, ఆ ఆలోచన మాత్రం వృథా కాలేదు.

1962లో మన దేశం నుంచి ఆయనకు పిలుపు వచ్చింది. అహ్మదాబాద్‌లో భారతీయ మేనేజ్‌మెంట్ సంస్థకు భవనాలు నిర్మించే పనికి ప్రముఖ వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి ఆయన పేరు సూచించారు. కాన్ స్థానికంగా దొరికే ఇటుకనే ఎంచుకున్నారు. మందమైన గోడల్లో పెద్ద పెద్ద కమానులు, గుండ్రని ద్వారాలు అమర్చారు. గదులను ఎండకు దూరంగా, నీడ నిండిన వసారాల వెనుకకు జరిపారు. అందువల్ల గుజరాత్ ఎండ నేరుగా గదిలోకి రాదు; నీడలో వడకట్టినట్టు మెత్తగా వస్తుంది. అదే సంవత్సరం ఢాకాలో శాసనసభా భవనం పని కూడా ఆయనకు దక్కింది.

అమెరికాలో ఆయన నిర్మించిన ఎక్సెటర్ పాఠశాల గ్రంథాలయం 1971లో తెరుచుకుంది. అందులో పుస్తకాలు ఎండ తగలకుండా లోపలి వరుసలో ఉంటాయి. చదువుకునే బల్లలు కిటికీల పక్కన ఉంటాయి. పైనున్న పెద్ద కిటికీ అందరికీ వెలుగునిస్తుంది. బల్ల దగ్గరి చిన్న కిటికీకి జరిపే చెక్క తలుపు ఉంటుంది. తనకెంత వెలుగు కావాలో విద్యార్థి తానే నిర్ణయించుకోవచ్చు.

1972లో టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో కింబెల్ చిత్రకళా ప్రదర్శనశాలను ప్రారంభించారు. సూర్యకాంతి సోకితే చిత్రాల రంగులు వెలిసిపోతాయి. కాబట్టి ఇలాంటి శాలల్లో సాధారణంగా విద్యుద్దీపాలనే వాడతారు. కాన్ మాత్రం సూర్యకాంతినే లోపలికి ఆహ్వానించారు. నూరేసి అడుగుల పొడవున్న పదహారు వంపు కప్పులు కట్టించారు. బండి చక్రం దొర్లుతున్నప్పుడు దాని అంచు మీది బిందువు గీసే వంపే ఆ కప్పుల ఆకారం. ప్రతి కప్పు నడుమ పొడవునా సుమారు రెండున్నర అడుగుల సందు వదిలారు. దాని కింద సన్నని రంధ్రాలున్న అల్యూమినియం రేకును రెక్కల వలె అమర్చారు. ఎండ ఆ రేకుకు తగిలి పైకి మళ్లి, కాంక్రీటు కప్పు మీద పరచుకుని, వెండి వెలుగుగా కిందికి దిగుతుంది. ఆ రేకుకే విద్యుద్దీపాలు కూడా బిగించారు. పగటి వెలుగు, దీపపు వెలుగు ఒకదానికొకటి పోటీపడక తోడుగా నిలిచాయి. ఈ కృషిలో రిచర్డ్ కెల్లీ అనే దీపాల నిపుణుడు ఆయనకు సహకరించారు.

1974 మార్చిలో కాన్ అహ్మదాబాద్ పనులు చూసి తిరిగి వెళుతూ, 17వ తేదీన న్యూయార్క్ రైల్వే స్టేషనులో గుండెపోటుతో మరణించారు. ఆ వార్త ఇంటివారికి చేరడానికి రెండు రోజులు పట్టింది. ప్రపంచ ఖ్యాతి పొందినా ఆయన కార్యాలయానికి అప్పులే మిగిలాయి. ఢాకా భవనం పూర్తి కావడాన్ని ఆయన చూడలేదు. 1971 యుద్ధంలో ఆగిపోయిన ఆ నిర్మాణం మళ్లీ మొదలై, స్వతంత్ర బంగ్లాదేశ్‌లో 1982లో పూర్తయింది. నేడు ఆ సభామందిరంలోకి పైకప్పు అంచుల నుంచి పగటి వెలుగు దిగుతూనే ఉంది.

కాన్ కట్టిన భవనాలు సంఖ్యలో ఎక్కువ కావు. కాని ఒక కట్టడంలో జరిగిన పొరపాటును గుర్తించి, తరువాతి కట్టడాల్లో దానిని సరిదిద్దుకున్న పట్టుదల ఆయనది. భవనం గొప్పదనాన్ని బయటినుంచి చూసేవారే కాదు, లోపల కూర్చుని చదివేవారు, పనిచేసేవారు కూడా నిర్ణయిస్తారని ఆయన జీవితం తెలియజేస్తుంది.