సుజుకాలో పగ... ఇమోలాలో పలకరింపు

కారు పందేల సంగతి ఏమీ తెలియని వాళ్లు కూడా ఎక్కడో ఒకచోట విన్న పేరు అయర్టన్ సెన్నా. పసుపుపచ్చ హెల్మెట్, వాన పడితే మరింత చెలరేగే డ్రైవింగ్, ఫార్ములా వన్‌లో మూడు ప్రపంచ టైటిళ్లు, 41 విజయాలు, 34 ఏళ్లకే మరణం... ఇదంతా లోకమెరిగిన చరిత్ర. విమాన ప్రయాణాల్లో బైబిలు చదువుకునేవాడని, విలేకరుల ముందు దేవుని పేరెత్తడానికి సిగ్గుపడేవాడు కాదని కొద్దిమందికే తెలుసు. ఆ మనిషే ఒక ఆదివారం పగబట్టి తోటి డ్రైవర్ కారును గుద్దాడు. అభిమానులు ఈ రెండో సంగతిని మరిచిపోవాలని చూస్తారు, విమర్శకులు మొదటిదాన్ని నమ్మరు. రెండూ నిజమే.

1960 మార్చి 21న బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో కలిగిన కుటుంబంలో సెన్నా పుట్టాడు. నాలుగేళ్ల వయసులో తండ్రి మిల్టన్ గడ్డి కోసే యంత్రపు ఇంజన్ బిగించి అతనికో బుల్లి బండి చేసిచ్చాడు. నడకలో తడబడే ఆ పిల్లవాడు బండెక్కితే మాత్రం తడబడేవాడు కాదు. 13వ ఏట మొదటి కార్టింగ్ పందెం, 1981లో ఇంగ్లండ్ ప్రయాణం, 1983లో బ్రిటిష్ ఫార్ములా త్రీ టైటిల్, 1984లో ఫార్ములా వన్ ప్రవేశం. ఆ ఏడాదే మొనాకోలో కుండపోత వానలో చిన్న జట్టు కారుతో ఒక్కొక్కరినీ దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు. ముందున్న ఫ్రాన్స్ డ్రైవర్ అలైన్ ప్రోస్ట్‌ను అందుకోబోతుండగా వాన ఎక్కువైందని అధికారులు రేసు ఆపేశారు. ప్రోస్ట్ విజేత అయ్యాడు. సెన్నాకు అన్యాయం జరిగిందని అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు గానీ, నిజంగా నష్టపోయింది ప్రోస్ట్! సగంలో ఆగిన రేసు గనుక గెలుపుకు సగం పాయింట్లే, అంటే నాలుగున్నరే వచ్చాయి. రేసు పూర్తయి రెండో స్థానంలో వచ్చినా ఆరు పాయింట్లు దక్కేవి. ఆ ఏడాది ప్రపంచ టైటిల్‌ను అతను కోల్పోయింది సరిగ్గా అర పాయింటు తేడాతో.

1988లో ఇద్దరూ మెక్‌లారెన్ జట్టులో చేరువయ్యారు. ఒకే జట్టు, ఒకే రకం కారు. ఆ ఏడాది 16 రేసుల్లో 15 ఆ జట్టువే. మొనాకోలో దాదాపు 50 సెకన్ల ఆధిక్యంలో ఉండి, ఇక కొద్ది ల్యాపులే మిగిలాయనగా సెన్నా ఏకాగ్రత చెదిరి గోడను గుద్దుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఆ ఊళ్లోనే ఉన్న తన ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఓటమే తనను దేవునికి దగ్గర చేసిందని తర్వాత చెప్పుకున్నాడు. కాథలిక్ కుటుంబంలో పెరిగిన సెన్నాకు శ్రద్ధగా బైబిలు చదివే అలవాటు చేసింది అక్క వివియాని. ఆ అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో, మొదట్లోనే ఇంజన్ ఆగి 14వ స్థానానికి పడిపోయినా, అందరినీ దాటి గెలిచి తొలిసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. చివరి ల్యాపులో దేవుని సన్నిధిని అనుభవించానన్నాడు. కొందరు నవ్వారు. ప్రోస్ట్ మాత్రం నవ్వలేదు, భయపడ్డాడు. దేవుడున్నాడు గనుక తనకేమీ కాదన్న ధీమాతో సెన్నా బండి నడుపుతున్నాడని, అది తక్కిన వాళ్ల ప్రాణాల మీదికి తెస్తుందని అతని ఆరోపణ. తనకూ దెబ్బలు తగులుతాయని, తనకూ భయముంటుందని సెన్నా బదులిచ్చాడు. విశ్వాసుల మనసుకు ప్రోస్ట్ మాట నొప్పి కలిగించవచ్చు. కానీ అది పూర్తిగా తోసిపుచ్చదగ్గ మాట కాదు.

1989లో ఇద్దరికీ మాటలు లేవు. ఇమోలాలో మొదటి మలుపు దగ్గర ఒకరినొకరు దాటకూడదన్న ఒప్పందాన్ని సెన్నా తప్పాడని ప్రోస్ట్ కోపం. అక్టోబరు 22న సుజుకాలో సెన్నా గెలిస్తేనే టైటిల్ ఆశ మిగులుతుంది. ముగింపుకు ఆరేడు ల్యాపులుండగా షికేన్ అనే వంకర మలుపులో లోపలి వైపు నుంచి దూరాడు. ప్రోస్ట్ దారివ్వకుండా తిప్పాడు. రెండు కార్లూ చిక్కుకుని ఆగిపోయాయి. ప్రోస్ట్ దిగి వెళ్లిపోయాడు. ట్రాక్ సిబ్బంది నెట్టగా సెన్నా ఇంజన్ అందుకుని, పక్కనున్న అత్యవసర దారిలోంచి మళ్లీ ట్రాక్ మీదికి వచ్చి, విరిగిన ముందు భాగం మార్పించుకుని, అందరికంటే ముందు గీత దాటాడు.

క్రికెట్‌కు అంపైర్లు ఎలాగో ఈ పందేలకు స్టీవార్డులు అలాగ. మలుపును పూర్తిచేయకుండా అడ్డదారిన వచ్చాడని వాళ్లు సెన్నాను అనర్హుణ్ణి చేశారు. టైటిల్ ప్రోస్ట్‌దైంది. అప్పీలుకు వెళితే ఊరట దొరకకపోగా లక్ష డాలర్ల జరిమానా, అమలు నిలిపి ఉంచిన ఆరు నెలల నిషేధం నెత్తిన పడ్డాయి. పందేలను నడిపే సంస్థకు అధ్యక్షుడు జాన్ మేరీ బాలెస్త్ర్ కూడా ఫ్రాన్స్ దేశస్థుడే కావడంతో సెన్నా మనసులో అనుమానం స్థిరపడిపోయింది. నా మట్టుకు నాకు ఢీకొన్న తప్పు ఇద్దరిలో సగం సగం అనిపిస్తుంది. సెన్నా మరీ వెనక నుంచి దూరాడు, ప్రోస్ట్ మామూలు కంటే ముందే తిప్పాడు. కానీ ఆగిపోయి, సమయం పోగొట్టుకుని, ఏ లాభమూ పొందకుండా తిరిగొచ్చిన వాణ్ణి అడ్డదారి తొక్కాడని శిక్షించడం న్యాయం కాదు. సెన్నాకు నిజంగానే అన్యాయం జరిగింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. లేని అన్యాయాన్ని ఊహించుకున్న వాడి పగను తేలిగ్గా ఖండించవచ్చు, నిజంగా దెబ్బతిన్న వాడితో ఏం మాట్లాడగలం?

ఏడాది తిరిగింది. ప్రోస్ట్ ఫెరారీకి మారాడు. 1990 సెప్టెంబరు 28న స్పెయిన్‌లోని హెరెస్‌లో మార్టిన్ డోనెల్లీ అనే డ్రైవర్ కారు ముక్కలై, అతను సీటుతో సహా ట్రాక్ మీద పడిపోయాడు. సెన్నా అక్కడికి వెళ్లి కళ్లారా చూశాడు. డోనెల్లీ బతికాడు గానీ మళ్లీ ఫార్ములా వన్ ఆడలేదు. సరిగ్గా 23 రోజుల తర్వాత, అక్టోబరు 21న, మళ్లీ సుజుకా. ఇప్పుడు పాయింట్లలో ముందున్నది సెన్నా, ప్రోస్ట్ రేసు పూర్తి చేయకపోతే టైటిల్ అతనిదే. అందరికంటే వేగంగా నడిపి మొదటి స్థానం సంపాదిస్తే, ఆ స్థానం ట్రాక్‌లో దుమ్ము పట్టి జారే వైపు వచ్చింది. మార్చమని అడిగితే కుదరదన్నారు. బయల్దేరగానే ప్రోస్ట్ ముందుకెళ్లాడు. మొదటి మలుపులో సెన్నా వేగం తగ్గించనే లేదు. గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో వెనక నుంచి గుద్దాడు. రెండు కార్లూ ఇసుకలోకి దూసుకుపోయాయి. సెన్నా చాంపియన్ అయ్యాడు. కిందటేడు అంత కఠినంగా ఉన్న స్టీవార్డులు ఈసారి ఏ శిక్షా వేయలేదు!

ఇద్దరికీ దెబ్బ తగలకపోవడం దేవుని కృప తప్ప మరొకటి కాదు. వెనక వస్తున్న పాతికమందికి ఏమైనా కావచ్చునని, మూడు వారాల కిందటే డోనెల్లీని చూసిన మనిషికి తెలియదనుకోలేం. ఏన్గెదీ గుహలో సౌలు చేతికి చిక్కినప్పుడు దావీదు అతని బట్ట చెంగు మాత్రమే కోశాడు, దానికే మనసు నొచ్చుకున్నాడు. సెన్నా చదివిన గ్రంథంలో ఆ కథ కూడా ఉంది.

1991లో మూడో టైటిల్ గెలిచాక, బాలెస్త్ర్ పదవి దిగిపోయాక, అదే సుజుకాలో సెన్నా నోరు విప్పాడు. కిందటేడు జరిగింది ప్రమాదం కాదని, ముందే నిశ్చయించుకుని చేసిన పనని విలేకరుల ముందు బయటపెట్టాడు. చాలామంది దీన్ని పశ్చాత్తాపంగా రాస్తుంటారు. అలా చెప్పడం సరికాదు. నన్నలా చేసేలా చేశారు అన్న ధోరణే ఆ మాటల్లో ఎక్కువ. దావీదు ఒప్పుకోలు కంటే, జనానికి జడిసి చేశానన్న సౌలు ఒప్పుకోలుకు అది దగ్గర. అయినా అబద్ధం చెప్పి తప్పించుకోగలిగిన వాడు నిజం చెప్పాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

మార్పు నెమ్మదిగా వచ్చింది. 1992 ఆగస్టులో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద ప్రాక్టీసులో ఎరిక్ కోమా అనే ఫ్రాన్స్ యువకుడి కారు గోడను గుద్దుకుని ట్రాక్ మధ్యలో ఆగింది. స్పృహ తప్పిన అతని కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది, ఇంజన్ అరుస్తోంది. వెనక వస్తున్న సెన్నా తన కారు ఆపి, మిగతా కార్లు వస్తుండగానే పరుగెత్తి ఇంజన్ ఆపేశాడు. వైద్యులు వచ్చేదాకా కోమా తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. తాను బతికింది సెన్నా వల్లేనని కోమా ఎన్నోసార్లు చెప్పాడు. దారిన పడి ఉన్నవాడి దగ్గర ఆగిన సమరయుడు గుర్తొస్తాడు కదా!

ప్రోస్ట్‌తో మాత్రం వైరం మరో ఏడాది నడిచింది. 1993లో విలియమ్స్ జట్టులో సెన్నాను తన పక్కన తీసుకోకూడదని ప్రోస్ట్ ఒప్పందం రాయించుకుంటే, పిరికివాడని సెన్నా నలుగురిలో ఎద్దేవా చేశాడు. ఆ ఏడాది టైటిల్ గెలిచి ప్రోస్ట్ విరమించాడు. నవంబరు 7న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో అతని ఆఖరి రేసు. గెలిచింది సెన్నా, రెండోవాడు ప్రోస్ట్. బహుమతి వేదిక మీద సెన్నా చేయి చాచి ప్రోస్ట్‌ను పై మెట్టు మీదికి, తన పక్కకు లాక్కున్నాడు. అది సెన్నా గెలిచిన చివరి రేసు కూడా. ఆ శీతాకాలంలో, తర్వాతి వసంతంలో అతనే ప్రోస్ట్‌కు ఫోన్లు చేసేవాడు. ఎక్కువగా డ్రైవర్ల భద్రత గురించే మాట్లాడేవాడట.

1994 ఏప్రిల్ 30, శనివారం. ఇటలీలోని ఇమోలాలో అర్హత పోటీలో ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ చనిపోయాడు. సెన్నా ఓ అధికారిక కారెక్కి ప్రమాద స్థలానికి వెళ్లాడు. అలా వెళ్లినందుకు స్టీవార్డులు సంజాయిషీ అడిగారు! వైద్యాధికారి సిడ్ వాట్కిన్స్ భుజం మీద తల పెట్టి సెన్నా ఏడ్చాడు. ఇక పందేలు మానేయమని వాట్కిన్స్ సలహా ఇచ్చినా ఒప్పుకోలేదు.

మే 1, ఆదివారం ఉదయం అతను బైబిలు తెరిచి చదువుకున్నాడని, దేవుడు ఇచ్చే అతి గొప్ప బహుమానం దేవుడే అనే భావం ఆ భాగంలో కనిపించిందని వివియాని తర్వాత చెప్పింది. ప్రాక్టీసులో ఫ్రెంచి టీవీ కోసం రేడియోలో మాట్లాడుతూ, వ్యాఖ్యాతగా వచ్చిన ప్రోస్ట్‌ను స్నేహితుడా అని పలకరించి, నువ్వు లేని లోటు తెలుస్తోందన్నాడు. మధ్యాహ్నం ఏడో ల్యాపులో టంబురెల్లో మలుపు దగ్గర అతని కారు ట్రాక్ వదిలి గోడను గుద్దింది. ఎందుకు గుద్దిందన్న వాదన ఇటలీ కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. మొదట చేరుకున్న వారిలో వాట్కిన్స్ ఒకడు. సెన్నా ఒక నిట్టూర్పు విడిచాడని, తాను భక్తిపరుణ్ణి కాకపోయినా ఆ క్షణంలో అతని ఆత్మ వెళ్లిపోయినట్టు అనిపించిందని ఆ డాక్టరు రాసుకున్నాడు. కారులో మడిచిపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బెర్గర్ జ్ఞాపకార్థం ఎగరేయాలనుకున్నాడు.

మే 5న సావో పాలో వీధులు జనంతో నిండిపోయాయి. మొరుంబి శ్మశానవాటికలో పచ్చిక మీద పరిచిన చిన్న ఫలకంపై అతని పేరు, తేదీలు, రోమా పత్రిక 8వ అధ్యాయం చివరి వచనాల భావంతో ఒక్క వాక్యం ఉన్నాయి. ఆ రోజు శవపేటికను మోసిన డ్రైవర్లలో అలైన్ ప్రోస్ట్ ఉన్నాడు. బ్రెజిల్ పేద పిల్లల చదువు కోసం ఏదైనా చేయాలని చనిపోయే ముందు సెన్నా అక్కతో మాట్లాడాడు. అదే సంవత్సరం వివియాని అతని పేరున సంస్థ స్థాపించింది. ప్రోస్ట్ దానికి ట్రస్టీగా చేరాడు.