శిలలు కలిపిన చెలిమి

ఇంగ్లండు దేశపు దక్షిణ తీరమున, డోర్సెట్ మండలములో, లైమ్ రీజిస్ అను చిన్న రేవు పట్టణము కలదు. ఆ ఊరికి ఇరువైపుల సముద్రము నానుకొని ఎత్తైన కొండచరియలు నిలిచియున్నవి. సుమారు 20 కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రగర్భమున పేరుకొనిన బురదయే కాలక్రమమున గట్టిపడి ఆ చరియలైనది. చలికాలపు తుపానులకు చరియలు విరిగిపడినపుడు, ఆనాటి జలచరముల అవశేషములు రాతిరూపమున బయటపడును. అలలు వానిని కొట్టుకొని పోవులోపల ఏరుకొనవలెను. మన పూజామందిరములలో సాలగ్రామములుగా కొలువబడు గండకీనది శిలలును ఇట్టి శిలాజములే. అమ్మోనైట్ అను, చుట్టలు తిరిగిన గుల్ల గల జలచరముల అవశేషములవి. లైమ్ తీరమున అమ్మోనైట్లకు కొదువలేదు.

ఈ ఊర 1799 మే 21వ తేదీన మేరీ ఆనింగ్ జన్మించెను. తండ్రి రిచర్డ్ వడ్రంగి. తీరికవేళల తీరమున శిలాజములనేరి, ఊరికి వచ్చెడి యాత్రికులకు అమ్మెడివాడు. మేరీకిని, ఆమె అన్న జోసెఫ్‌కును ఆ విద్య తండ్రి నేర్పినదే. 1810లో తండ్రి అప్పులు మిగిల్చి మరణించెను. అప్పటికి మేరీకి 11 ఏండ్లు. ఆదివారపు బడిలో నేర్చిన చదువు, చేతిలోని చిన్న సుత్తి — ఇవియే ఆమెకు దక్కిన ఆస్తి.

అంతకు అయిదేండ్లకు ముందే, 1805లో, ఫిల్పాట్ వంశపు అక్కచెల్లెండ్రు మువ్వురు లండను నుండి వచ్చి లైమ్‌లో కాపురముండిరి. వారి సోదరుడు న్యాయవాది; వారికి కూటికి లోటులేదు. మువ్వురును అవివాహితలే. శిలాజ సేకరణ వారికి ప్రియమైన వ్యాసంగము. వారిలో ఎలిజబెత్ మేరీకంటె దాదాపు 20 ఏండ్లు పెద్ద. ఒకతె కలవారి ఆడపడుచు, మరియొకతె వడ్రంగి కూతురు. ఆ కాలపు సంఘనీతి ననుసరించి వీరిరువురు కొనువారు, అమ్మువారు మాత్రమే కావలసియుండెను. కాని మేరీ బాలికగా ఉన్న నాటినుండియే ఇరువురును కలిసి తీరమున శిలాజములను వెదకుచుండిరి. ఎవరి కన్ను చురుకైనదో అదియే అక్కడ లెక్కకు వచ్చినది.

ఎలిజబెత్ ఆ బాలికకు చేసిన మేలులలో మిన్నయైనది, చదువుమని ప్రోత్సహించుట. దొరకిన వస్తువును అమ్ముటతో తృప్తిపడక, అదేమి జీవియో, ఎట్లు బ్రతికినదో తెలిసికొనవలెనను తపన మేరీకి కలిగెను. ఆమె శాస్త్రవ్యాసములను ఎరవు తెచ్చుకొని, బొమ్మలతోసహా చేతితో నకలు వ్రాసికొనెను; నేటి చేపలను కోసి చూచి, నాటి జీవుల ఎముకల పొందికను గ్రహించెను.

1811లో జోసెఫ్‌కు ఒక వింతజంతువు పుర్రె కనబడెను. మరుసటి యేడు మేరీ దాని మొండెమును వెదకి పట్టెను. అది ఇక్తియోసార్ అను, చేపవంటి సరీసృపము. దానిని 23 పౌనులకు అమ్మిరి. 1823లో ఆమె ప్లీసియోసార్ అను పొడవు మెడ గల సరీసృపపు పూర్తి అస్థిపంజరమును మొదటిసారిగా కనుగొనెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు కువియే మొదట దానిని శంకించి, పిమ్మట తన పొరపాటు ఒప్పుకొనెను. 1824లో లండను భూగర్భశాస్త్ర సంఘమున దానిపై ప్రసంగము జరిగినపుడు, మేరీ పేరు మాత్రము ఎవరును ఎత్తలేదు. ఆ సంఘములో స్త్రీలకు ప్రవేశమే లేదు; 1919 వరకును కలుగలేదు.

పురుషుల సభ మూసిన తలుపును స్త్రీల స్నేహము కొంతవరకు తెరచినది. 1825లో షార్లెట్ మర్చిసన్ అను విదుషి లైమ్‌కు వచ్చెను. మేరీకంటె 11 ఏండ్లు పెద్దదైనను, భర్త ముందు సాగిపోగా తాను కొన్ని వారములు అచటనే నిలిచి, మేరీ వద్ద శిలాజ సేకరణ నేర్చుకొనెను. పిమ్మట వారి నడుమ ఉత్తరములు నడచినవి. 1829లో మేరీ లండను చూడబోయినపుడు మర్చిసన్ దంపతుల ఇంటనే బసచేసెను. 1830 తరువాతి యేండ్లలో అన్నా మరియా పిన్నీ అను యువతి మేరీ వెంట తీరమున తిరిగెను. పండితులు తన శ్రమఫలమును వాడుకొని తనను మరచిరని మేరీ పడిన ఆవేదన, ఆ చిన్నదాని దినచర్యవలననే మనకు తెలియుచున్నది.

ఆ చెలిమికి ఒక చక్కని గురుతు సిరా. 1826లో మేరీ, బెలెమ్నైట్ అను శిలాజములో ఎండిన సిరా తిత్తి వంటిదానిని కనుగొని ఎలిజబెత్‌కు చూపెను. ఎలిజబెత్ ఆ పొడిని నీట కలుపగా మరల సిరా అయ్యెను. కోట్ల యేండ్లనాటి ఆ సిరాతోనే ఆమె ఇక్తియోసార్ బొమ్మలు గీసెను. కనుగొన్న చేయి ఒకరిది, చిత్రించిన చేయి వేరొకరిది.

అయినను తీరము ఇరువురకును ఒకే తీరున లేదు. ఎలిజబెత్‌కు అది వినోదము, మేరీకి కూడు. 1833లో చరియ విరిగిపడి మేరీ కుక్క ట్రే ఆమె కన్నులయెదుటనే మరణించెను. ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. మరునాడు మరల సుత్తి పట్టక తప్పని బ్రతుకది. స్నేహము ఆ భేదమును తుడిచివేయలేదు. కాని ఆ భేదము వారి గౌరవమునకు అడ్డురాలేదు. 1834లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడగు అగాసీ లైమ్‌కు రాగా, శిలాజ మత్స్యముల భేదములను అతనికి ఇరువురును కలిసి చూపిరి. కృతజ్ఞుడై అతడు కొన్ని మత్స్యజాతులకు మేరీ పేరును, ఒకదానికి ఎలిజబెత్ పేరును పెట్టెను.

1847 మార్చి 9వ తేదీన, 47వ యేట, వ్రణవ్యాధితో మేరీ కన్నుమూసెను. పెద్దదైన ఎలిజబెత్ మరి పదేండ్లు జీవించి, 1857లో గతించెను. ఫిల్పాట్ల సేకరణ 1880లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలకు చేరెను. ఫిల్పాట్ వంశీయుడొకడు 1901లో లైమ్‌లో ఒక ప్రదర్శనశాలను కట్టించెను. అది నిలిచినది మేరీ పుట్టిన ఇల్లుండిన చోటనే. కలవారి ఆడపడుచుల వంశనామమును, వడ్రంగి కూతురి జన్మస్థలమును ఒకే కప్పు క్రింద చేర్చిన ఆ భవనము, ఆ చెలిమికి తగిన స్మారకము.