ఆగిన చోటు మరువని డైక్‌స్ట్రా

పోయిన సంవత్సరం మా హాస్టల్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాం. ఒకరోజు సాయంత్రం మెస్ డ్యూటీలో ఉండి బియ్యం కొలుస్తున్నాం. ఇరవై మూడో గ్లాసు దగ్గర ఉండగా గేటు బయట గ్యాస్ సిలిండర్ల ఆటో హారన్ కొట్టింది. సిలిండర్లు దించుకొని వచ్చేసరికి పోసింది ఇరవై మూడా, ఇరవై నాలుగా ఎవరికీ గుర్తు లేదు. ఆ రాత్రి చివరి బంతి తమ్ముళ్లకు అన్నం తక్కువ పడింది. మరునాడు వార్డెన్ సార్ ఎదుట అదే డబ్బా, అదే గ్లాసుతో మళ్లీ కొలిచాం. లెక్క చక్కగా వచ్చింది. ఆ రోజు ఆటో రాలేదు మరి!

సరిగ్గా ఇలాంటి తప్పుకే భయపడిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్‌లో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రజ్ఞుడు, తల్లి గణితం చదివినావిడ. లైడెన్‌లో భౌతికశాస్త్రం చదువుతూ 1951లో కేంబ్రిడ్జికి వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో చేరారు. 1957లో పెళ్లి నమోదుకు వెళ్లి వృత్తి ప్రోగ్రామర్ అని రాస్తే, అలాంటి వృత్తే లేదని అధికారులు ఒప్పుకోలేదు. చివరికి భౌతికశాస్త్రజ్ఞుడని రాయించారట. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఇది పెద్ద వింత కాదు.

ఆ రోజుల్లో లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇద్దరు యంత్రం తయారుచేస్తుంటే, డైక్‌స్ట్రా దానికి ప్రోగ్రాములు రాసేవారు. ఎక్స్-1 అనే కొత్త కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరూ ఒక ఆలోచన తెచ్చారు. కంప్యూటరు చాలా వేగం, టైపు కొట్టే యంత్రం చాలా నెమ్మది. ఒక అక్షరం పంపి, అయిందా, అయిందా అని అడుగుతూ కూర్చుంటే కాలమంతా వృథా. అలా కాక కంప్యూటరు తన లెక్క తాను చేసుకుంటుంటే, పని అయిన యంత్రమే సంకేతం పంపి పిలవాలి. ఈ పిలుపునే ఇంటరప్ట్ అంటారు.

డైక్‌స్ట్రా ఈ మాట విని బెదిరిపోయారు. పిలుపు ఏ క్షణాన వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది ఒక ప్రత్యేక క్షణంలో వస్తేనే ప్రోగ్రాము తప్పితే, ఆ క్షణాన్ని మళ్లీ తెప్పించి తప్పును పట్టుకోవడం ఎలా? మా బియ్యం లెక్క సంగతే అది. అందుకే కొన్ని నెలలపాటు ఒప్పుకోలేదు. ఎంతో గొప్ప బుర్రకు కూడా భయం ఉంటుందని తెలిసి మాకు ధైర్యం వచ్చింది.

చివరకు ఒప్పుకొని, తానే ఆ ప్రోగ్రాము రాశారు. మధ్యలో ఆగిన ప్రోగ్రాముకు తాను ఆగినట్టు కూడా తెలియకూడదు. అందుకోసం తర్వాత చేయవలసిన ఆదేశం ఎక్కడుందో, రిజిస్టర్లలో ఏ అంకెలున్నాయో ముందు భద్రపరచాలి. అలా భద్రపరిచేటప్పుడు ఇంకో పిలుపు అడ్డురాకుండా తలుపు మూయాలి. ఎక్కువసేపు మూసి ఉంచితే వేరే పిలుపులు తప్పిపోతాయి. పని ముగించి, అంకెలన్నీ యథాస్థానంలో పెట్టి, ఆగిన చోటికే తిరిగి వెళ్లాలి. ఇది చదివాక మేము మెస్‌లో గ్లాసుకో చింతగింజ పక్కన పెట్టడం మొదలుపెట్టాం. 1959లో డైక్‌స్ట్రాకు డాక్టరేటు తెచ్చిన సిద్ధాంతగ్రంథం ఈ పని మీదిదే.

1962లో ఐండ్‌హోవెన్‌లో ప్రొఫెసరయ్యారు. అక్కడ కొద్దిమంది సహచరులతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మించి, 1968లో దాని గురించి వ్యాసం ప్రచురించారు. దానిని మేడ అంతస్తుల్లాగా కట్టారు. గడియారం పంపే ఇంటరప్ట్ సంగతి అన్నిటికంటే కింది అంతస్తు చూసుకుంటుంది, పైనున్న ప్రోగ్రాములకు దాని బెడద ఉండదు. ఒకే వస్తువు కోసం రెండు ప్రోగ్రాములు ఎగబడకుండా సెమాఫోర్ అనే ఉపాయం పెట్టారు. పాతకాలపు రైల్వే చెయ్యి సిగ్నల్ పేరు అది. మన బాన్సువాడకు రైలు లేదు గాని, పెద్దవాళ్లు కామారెడ్డిలో చూసే ఉంటారు. కింది అంతస్తులో రాగల పరిస్థితులు ఎన్నో లెక్కించి, అన్నిటినీ పరీక్షించేలా కట్టారు. పరీక్షల్లో 500 ఆదేశాలకు ఒక తప్పు చొప్పున దొరికింది, అవి కూడా చిల్లర తప్పులే. మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లో కూడా టి.డి.సి.-12 కంప్యూటర్లు తయారయ్యాయి.

1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984 నుండి 1999 వరకు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో బోధించారు. లోకానికి కంప్యూటరు పాఠం చెప్పిన ఈయన తన వ్యాసాలను ఎక్కువగా ఇంకు పెన్నుతోనే రాసేవారు. అవి 1,300 దాటాయి. 2002 ఆగస్టు 6న స్వదేశంలోని న్యూనెన్‌లో కన్నుమూశారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగాన్ని ఇప్పుడు కర్నెల్ అంటున్నారు. లినక్స్ కర్నెల్‌లో కూడా పిలుపు రాగానే అత్యవసరమైన కొద్ది పని అప్పటికప్పుడు చేసి, మిగిలింది తర్వాతకు పెడతారు. మనం కీబోర్డు మీద అక్షరం నొక్కిన ప్రతిసారీ ఏదో ఒక ప్రోగ్రాము రెప్పపాటు కంటే తక్కువసేపు ఆగి, తాను ఆగినట్టు తెలియకుండానే మళ్లీ సాగుతుంది.