మోకాలి చిప్ప లేకుండా క్రీజులోకి: డెనిస్ కాంప్టన్ జీవితం

1956 ఆగస్టు. లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాతో సిరీస్‌లోని చివరి టెస్టు జరుగుతోంది. ఇంగ్లండ్ 66 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయిన దశలో 38 ఏళ్ల డెనిస్ కాంప్టన్ క్రీజులోకి వచ్చారు. అప్పటికి తొమ్మిది నెలల క్రితమే వైద్యులు ఆయన కుడి మోకాలి చిప్పను పూర్తిగా తొలగించారు. ఆ కాలితోనే ఆయన 94 పరుగులు చేశారు. పీటర్ మేతో కలిసి నాలుగో వికెట్‌కు 156 పరుగులు జోడించారు.

ఈ ఇన్నింగ్స్‌ను శస్త్రచికిత్స సాధించిన విజయంగా చెప్పుకోవడం తేలిక. అయితే ఆ మోకాలి కథ అంతకు 18 ఏళ్ల ముందే మొదలైంది.

కాంప్టన్ 1918 మే 23న లండన్ శివారులోని హెండన్‌లో జన్మించారు. అదే ఏడాది టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు మూత్రాశయ పరీక్షకు వాడే గొట్టంతో ఒక మృతదేహం మోకాలి లోపలికి తొంగిచూశారు. నేటి ఆర్థ్రోస్కోపీకి బీజం పడింది అక్కడే. కానీ ఆ విద్య సాధారణ ఆసుపత్రులకు చేరేసరికి కాంప్టన్ క్రీడాజీవితం ముగిసిపోయింది.

పదిహేనేళ్ల వయసులో లార్డ్స్ మైదాన సిబ్బందిలో చేరిన ఆయన 1936లో మిడిల్‌సెక్స్ జట్టుకు ఆడడం మొదలుపెట్టారు. అన్న లెస్లీ లాగే వేసవిలో క్రికెట్, చలికాలంలో ఆర్సెనల్ తరఫున ఫుట్‌బాల్. 1938లో నాటింగ్‌హామ్ టెస్టులో ఆస్ట్రేలియాపై సెంచరీ చేసేనాటికి ఆయనకు నిండా ఇరవై ఏళ్లు. అదే ఏడాది ఫుట్‌బాల్ మైదానంలో చార్ల్‌టన్ గోల్‌కీపర్‌ను బలంగా ఢీకొన్నారు. మోకాలికి తగిలిన ఆ దెబ్బ ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

రెండో ప్రపంచయుద్ధం ఆయనను భారతదేశానికి తీసుకువచ్చింది. ఇండోర్ సమీపంలోని మౌ సైనిక స్థావరంలో పనిచేస్తూ, తెలుగు కుటుంబానికి చెందిన కల్నల్ సి.కె. నాయుడు నాయకత్వంలోని హోల్కర్ జట్టులో చేరారు. 1945 మార్చిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో జరిగిన రంజీ ఫైనల్‌లో హోల్కర్ ముందున్న లక్ష్యం 867 పరుగులు. ఒకవైపు వికెట్లు పడిపోతుండగా కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచారు. హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయినా, రంజీ చరిత్ర చదివేవారు ఈనాటికీ ఆ ఇన్నింగ్స్ దగ్గర ఆగుతారు.

స్వదేశానికి తిరిగివెళ్లాక 1947 వేసవిలో ఆయన 3,816 పరుగులు, 18 సెంచరీలు సాధించారు. ఒకే సీజన్‌లో అన్ని పరుగులు, అన్ని సెంచరీలు మరెవరూ చేయలేదు. ఆయనకు పేరు తెచ్చిన స్వీప్ షాట్‌ను ఒకసారి ఊహించుకోవాలి. కుడిచేతి వాటం బ్యాటర్ ఆ షాట్ కొట్టేటప్పుడు ఎడమకాలు ముందుకు చాచి, కుడి మోకాలు నేలకు ఆనేంతగా వంగుతాడు. అంటే ఆయనకు అంత ఇష్టమైన షాట్ భారమంతా దెబ్బతిన్న మోకాలిపైనే పడేది.

1950లో ఆర్సెనల్‌తో ఎఫ్.ఎ. కప్ గెలిచిన కొద్దికాలానికే మోకాలికి శస్త్రచికిత్స తప్పలేదు. ఆ వేసవిలో వెస్టిండీస్‌పై ఒక్క టెస్టు మాత్రమే ఆడగలిగారు. తర్వాతి ఆస్ట్రేలియా పర్యటన మరీ ఘోరం. నాలుగు టెస్టుల్లో మొత్తం 53 పరుగులు. అంతటితో ఆయన పని అయిపోలేదు. 1954లో తొలిసారి ఇంగ్లండ్ పర్యటనకు వచ్చిన పాకిస్తాన్‌పై నాటింగ్‌హామ్‌లో 278 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. మోకాలు మాత్రం బాగుపడలేదు. 1955 నవంబరులో చిప్పను తీసేయక తప్పలేదు.

ఆ నిర్ణయాన్ని ఆనాటి వైద్య పరిజ్ఞానంతోనే చూడాలి. మోకాలి చిప్ప లేకపోయినా కాలు చక్కగా పనిచేస్తుందని 1937లో రాల్ఫ్ బ్రూక్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు వాదించారు. ఆ వాదన చాలామందిని ప్రభావితం చేసింది. నిజానికి చిప్ప ఒక గిలకలాంటిది. తొడ కండరం లాగే బలాన్ని కాలు చాచే శక్తిగా పెంచేది అదే. దాన్ని తొలగిస్తే ఆ శక్తి గణనీయంగా తగ్గుతుందని తర్వాతి పరీక్షలు తేల్చాయి. నేడు ఈ శస్త్రచికిత్స చాలా అరుదు.

తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో ఉండే మృదులాస్థి, అంటే మెనిస్కస్, విషయంలోనూ అదే పొరపాటు జరిగింది. అది చిరిగితే మొత్తంగా తీసేయడమే ఆ రోజుల్లో ఆనవాయితీ. ఆటగాడు మళ్లీ మైదానంలో దిగితే చికిత్స ఫలించినట్టే లెక్క. అలా తీయించుకున్నవారి మోకాళ్లలో ఎముకల మధ్య ఖాళీ తగ్గిపోతోందని, ఎముక ఆకారమే మారుతోందని 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు ఎక్స్‌రేల ఆధారంగా చూపించారు. ఆ హెచ్చరిక శస్త్రవైద్యుల అలవాటును మార్చడానికి దశాబ్దాలు పట్టింది. చిరిగిన మేరకే తొలగించే శస్త్రచికిత్సను ఆర్థ్రోస్కోపీ ద్వారా తొలిసారి చేసినది 1962లో, టోక్యోలో, తకాగి శిష్యుడు వతనబే.

ఇప్పుడు వీలైనచోట మెనిస్కస్‌కు కుట్లు వేసి కాపాడుతున్నారు. తెగిన లిగమెంట్ స్థానంలో రోగి కండర స్నాయువునే తీసి అమరుస్తున్నారు. అయినా లిగమెంట్ శస్త్రచికిత్స చేయించుకున్న ప్రతి క్రీడాకారుడూ పూర్వపు స్థాయిని అందుకోవడం లేదు. కీలు అరుగుదల ముప్పూ పూర్తిగా తొలగడం లేదు. వయసుతో అరిగి చిరిగిన మెనిస్కస్‌కు చేసే శస్త్రచికిత్స, చికిత్స చేసినట్టు నటించిన దానికన్నా ఏడాది తర్వాత మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదని 2013లో ఫిన్లండ్ వైద్యులు 146 మందిపై జరిపిన పరిశోధనలో తేలింది. శస్త్రచికిత్స ఎలా జరిగిందన్న దానికంటే అది అవసరమా కాదా అన్నదే ఇప్పుడు ముందుగా వేయవలసిన ప్రశ్న అయింది.

కాంప్టన్‌కు అన్ని దారులు లేవు. ఓవల్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లోనూ ఆయన 35 పరుగులతో అజేయంగా నిలిచారు. ఆ చలికాలంలో దక్షిణాఫ్రికా వెళ్లి ఐదు టెస్టులూ ఆడారు. ఒక్క సెంచరీ కూడా రాలేదు. స్కోరు పుస్తకంలో ఓవల్ ఇన్నింగ్స్ మెరిసినంతగా ఈ పర్యటన కనిపించదు. కానీ శస్త్రచికిత్స ఫలితాన్ని అంచనా వేయాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. 78 టెస్టుల్లో 5,807 పరుగులు, 17 సెంచరీలతో ఆయన టెస్టు జీవితం అక్కడే ముగిసింది.

1957లో లార్డ్స్‌లో వోర్సెస్టర్‌షైర్‌పై 143, 48 పరుగులు చేసి వృత్తి క్రికెట్‌కు సెలవు చెప్పారు. తర్వాత పత్రికలకు రాశారు, బీబీసీలో వ్యాఖ్యాతగా పనిచేశారు. 1997 ఏప్రిల్ 23న కన్నుమూశారు. ఆయన శరీరం నుంచి తీసిన ఆ మోకాలి చిప్ప లార్డ్స్‌లో, ఎం.సి.సి. భద్రపరచిన వస్తువుల మధ్య ఉంది.