దోమను కోసిన డాక్టరు

ఈసారి గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమని సారు చెప్పారు. నేను రొనాల్డ్ రాస్ గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెబుతాను.

మాది భూపాలపల్లి జిల్లాలో అడవి పక్క ఊరు. మా చిన్నమ్మ అక్కడ ఆశా కార్యకర్త. పోయిన వానాకాలం మా తమ్మునికి చలిజరం వచ్చింది. చిన్నమ్మే వేలు పొడిచి గాజుపలక మీద రక్తం తీసింది. అది ముద్దలాగా పడింది, ఆరకముందే కాగితంలో చుట్టింది. దవాఖానలో ఆ పలక పనికిరాలేదు. మళ్లీ తీసి పంపేసరికి రెండు రోజులు పోయినయి. తమ్ముడు వణుకుతుంటే అమ్మ ఒకటే ఏడుపు. మందు పడ్డాక వాడు బాగయ్యాడు గానీ చిన్నమ్మకు మాత్రం మనసున పట్టలేదు. దవాఖానలో రక్తపరీక్ష చేసే అన్న ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని నేర్పాడు. చుక్క ఎంత ఉండాలి, ఎంత పలచగా పరచాలి, కింద అక్షరాలు పెడితే కనబడాలి అని. సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని కూడా చూపించాడట.

రాస్ కూడా అట్లనే నేర్చుకున్నాడు. ఆయన 1857 మే 13న ఆల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుకుకేమో కవిత్వం, బొమ్మలు, లెక్కలు ఇష్టం. తండ్రి మాట కాదనలేక డాక్టరు చదివి 1881లో ఇండియాలో సైన్యం వైద్యంలో చేరాడు. చాలా ఏండ్లు ఆయనకు మలేరియా క్రిమి కనబడనేలేదు. అసలు అది ఉన్నదా అని కూడా అనుమానపడ్డాడు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు పక్కన నిలబడి చూపిస్తే అప్పుడు కనబడింది. డిగ్రీ ఉన్న డాక్టరుకే అట్లా అయింది మరి! దోమల మీద వెతకమని చెప్పింది కూడా మాన్సనే. తర్వాత ఇద్దరూ ఏండ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు.

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చి దోమలను కోసి చూడసాగాడు. నడుమ కలరా పని మీద బెంగుళూరు పంపారు. ఊటీ వైపు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. 1897లో మళ్లీ సికింద్రాబాద్. ఎండాకాలం లెక్క ఉడుకు, అయినా పంకా వేసుకోలేదు, గాలికి కోసిన దోమ ఎగిరిపోతుంది కదా. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినయి. ఆగస్టు 16న మచ్చల రెక్కల దోమలతో హుసేన్ ఖాన్ అనే రోగిని కరిపించాడు. దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడ మీద నల్లని రేణువులున్న కణాలు కనబడ్డాయి. మలేరియా దోమలో పెరుగుతుందని అట్లా తెలిసింది. హుసేన్ ఖాన్ పేరు కూడా మన పాఠాల్లో ఉండాలని నా అభిప్రాయం.

సంతోషపడే లోపలే రాజపుతానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పని దొరికింది. అక్కడ మహమ్మద్ బక్ష్ అనే సహాయకునికి దోమలు పట్టడం, పెంచడం నేర్పాడు. పట్టణాల్లో పిట్టలను కుట్టే దోమల ఉమ్మి గ్రంథుల్లో క్రిమిని చూసి, కుట్టినప్పుడే రోగం పాకుతుందని జులైలో తేల్చాడు. 1899 నుంచి లివర్‌పూల్‌లో ఉష్ణదేశాల వైద్యం పాఠశాలలో డాక్టర్లకు నేర్పాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబర్ 16న చనిపోయాడు. హైదరాబాద్ నల్లకుంట జ్వరాల దవాఖానకు ఆయన పేరే పెట్టారు.

దసరా సెలవుల్లో ఇదంతా చిన్నమ్మకు చెప్పాను. హుసేన్ ఖాన్ దగ్గర అబ్బా అన్నది. తర్వాత గాజుపలక వెలుగుకు పట్టి, కింద నా నోటుబుక్కు పెట్టి, అక్షరాలు కనబడుతున్నాయా అని నన్నడిగింది. కనబడ్డాయి.

– 9వ తరగతి విద్యార్థిని