పారిస్ చేరిన అజ్‌హర్ ఇమామ్

పిల్లవాణ్ణి విదేశాలకు చదువుకు పంపేటప్పుడు మన ఇళ్ళలో రెండు భయాలుంటాయి. అక్కడి చదువు అబ్బుతుందో లేదో అన్నది ఒకటి. చదువు అబ్బి ధర్మం చేజారిపోతుందేమో అన్నది రెండోది. ఈ భయాలు చాలా పాతవి. 1826లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా నలభై మందికి పైగా యువకులను ఫ్రాన్సుకు చదువుకు పంపాడు. వారికి నమాజు చేయించడానికి, ధర్మం బోధించడానికి ఇమాములను కూడా తోడు పంపాడు. ఆ ఇమాములలో ఒకరు షేఖ్ రిఫాఆ తహ్తావీ (రహ్మలై). మనం ఇక్కడ చెప్పుకోబోయేది వారి గురించే.

రిఫాఆ 1801లో ఎగువ ఈజిప్టులోని తహ్తా పట్టణంలో జన్మించారు. ఒకప్పుడు బాగా బ్రతికిన కుటుంబమే గాని, వారి చిన్నతనానికే ఆ కలిమి పోయింది. చిన్నప్పుడే ఖుర్ఆన్ కంఠస్థం చేసి, 1817లో కైరోలోని అల్ అజ్‌హర్‌లో చేరారు. అక్కడ వారికి దొరికిన గురువు షేఖ్ హసన్ అత్తార్. 1798లో నెపోలియన్ సేనలు ఈజిప్టుపై దండెత్తినప్పుడు వాటితో వచ్చిన ఫ్రెంచి పండితులను దగ్గరగా చూసిన ఆలిమ్ ఆయన. శిష్యుణ్ణి ఇమామ్‌గా సిఫారసు చేసిందీ, వెళ్ళేచోట చూసిందల్లా వ్రాసి పెట్టమని చెప్పిందీ ఆయనే. మంచి గురువు శిష్యుడి చేతికి ఇచ్చే దారిబత్తెం ఇలాగే ఉంటుంది.

ఓడ మే నెలలో మార్సెయి రేవు చేరింది. మార్సెయి దాదాపు రెండువేల ఆరువందల ఏళ్ళ నాటి నగరం. అంటువ్యాధుల భయంతో, దూరదేశాల నుంచి వచ్చినవారిని కొన్ని రోజులు ఊరి బయటే ఉంచేవారు. నేడు మనందరికీ తెలిసిన క్వారంటైన్ అదే. ఇది ధర్మసమ్మతమా కాదా అని ట్యూనిస్ పండితులిద్దరి మధ్య జరిగిన వాదాన్ని కూడా రిఫాఆ తన గ్రంథంలో వ్రాశారు. ఫిఖహ్ చదివినవాడి కన్ను ఎక్కడికి వెళ్ళినా అదే కదా!

అక్కడే ఆశ్చర్యాలు మొదలయ్యాయి. నేల మీద కూర్చునే అలవాటున్న వారికి కుర్చీలు తెచ్చి వేశారు. ఎత్తయిన బల్లపై ఒక్కొక్కరికి వేరుగా పళ్ళెం, గ్లాసు, చెంచా, కత్తి, ముళ్ళ గరిటె పెట్టారు. చేత్తో తినేవాడు ఒక్కడూ లేడు. పడుకోవడానికి ఎత్తయిన మంచాలు. ఆ తరువాత ఒకరోజు ఊళ్ళో ఒక కాఫీ దుకాణంలో అడుగుపెట్టారు. లోపల జనం కిటకిటలాడుతున్నట్లు కనిపించగా అదేదో పెద్ద బజారనుకున్నారు. ఆ జనంలో తన రూపమూ, తన మిత్రుల రూపాలూ కనిపించాక గాని అవి గోడల నిండా ఉన్న అద్దాలని తెలియలేదు. ఈ సంగతిని దాచుకోకుండా పుస్తకంలో వ్రాసుకోవడం మాకు ఎంతో నచ్చింది.

ఇమామ్‌గా వచ్చిన వ్యక్తి నమాజు చేయించి ఊరకే కూర్చున్నా అడిగేవారు లేరు. కాని రిఫాఆ అలా కూర్చోలేదు. అజ్‌హర్‌లో పాఠాలు చెప్పిన షేఖ్ పాతికేళ్ళ వయసులో పసివాడిలా ఫ్రెంచి అక్షరాలు దిద్దారు. అక్షరాలు పట్టుబడడానికే ముప్ఫై రోజులు పట్టింది. పారిస్‌లో మొదట అందరినీ ఒకే ఇంట్లో ఉంచారు. జోమార్ అనే ఫ్రెంచి పండితుడు వారి చదువును పర్యవేక్షించేవాడు. అయితే ఒకేచోట ఉండడంతో తమలో తాము సొంత భాషలోనే మాట్లాడుకునేవారు. అందుకని తరువాత వేర్వేరు వసతి పాఠశాలలకు పంపారు. విదేశాలకు వెళ్ళి మనవాళ్ళ గదుల్లోనే కాలం గడిపే పిల్లలకు ఈ చిక్కు తెలిసే ఉంటుంది.

రిఫాఆ తనకు వచ్చే జీతం నుంచే పుస్తకాలు కొన్నారు, అదనంగా ఉపాధ్యాయుణ్ణి పెట్టుకున్నారు. రాత్రిళ్ళు చదివీ చదివీ ఎడమ కన్ను బలహీనపడింది. రాత్రి చదవవద్దని వైద్యుడు చెప్పాడు. చదువు వెనుకబడుతుందని ఆ మాట వినలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన పిల్లలు వారిని అనుసరించకపోవడమే మేలు!

ఇక రెండో భయం సంగతి. పారిస్ ప్రజల పరిశుభ్రతను, పనిలో శ్రద్ధను, సామాన్య చేతిపనివారు సైతం చదవడం, వ్రాయడం నేర్వడాన్ని ఆయన మనసారా మెచ్చుకున్నారు. రాజుకూ ప్రజలకూ ఒకే చట్టమన్న వారి శాసనాన్ని అరబీలోకి అనువదించారు. అయితే దైవసందేశాన్ని ప్రక్కనబెట్టి మంచిచెడులను బుద్ధితోనే తేల్చే వారి ధోరణిని ఒప్పుకోలేదు. వారి తత్వశాస్త్ర గ్రంథాల జోలికి వెళ్ళేవాడు ముందుగా ఖుర్ఆన్, సున్నత్‌లలో గట్టిపడాలని హెచ్చరించారు. తాను మాత్రం వోల్టేర్‌నూ, రూసోనూ, మాంటెస్క్యూనూ చదివారు. మా దృష్టిలో వారి ధైర్యమంతా ఇక్కడే ఉంది. పునాది ఉన్నవాడు కాబట్టి తలుపులు మూసుకోలేదు.

1830లో చివరి పరీక్షకు తన అనువాదాలను సమర్పించి నెగ్గారు. 1831లో స్వదేశం చేరారు. పారిస్ విశేషాల గ్రంథం 1834లో కైరో దగ్గరి బూలాఖ్ ముద్రణాలయంలో అచ్చయింది. పాషా దాన్ని తన అధికారుల చేత చదివించాడు, తుర్కీలోకి అనువదింపజేశాడు. 1835లో కైరోలో భాషల పాఠశాల ఏర్పడింది. దాని బాధ్యత రిఫాఆకే దక్కింది. 1850లో మరో పాలకుడి ఆగ్రహం వల్ల నాలుగేళ్ళు సూడాన్‌లోని ఖార్తూమ్‌లో గడపవలసి వచ్చినా, అక్కడా అనువాదం మానలేదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ చదువు అవసరమని వాదించే గ్రంథాన్ని చివరి రోజుల్లో వ్రాసి, 1873లో కైరోలో కన్నుమూశారు.